పేరు వెనుక ప్రశ్న: ఆల్డిహైడ్, కీటోన్ చర్యల చరిత్ర (1832–1938)

వ్యాససంగ్రహం

ఆల్డిహైడులు, కీటోనుల సాధారణ చర్యలు మన పాఠ్యపుస్తకాల్లో శాస్త్రవేత్తల పేర్లతో కూడిన పట్టికగా కనిపిస్తాయి. ఏ చర్య ఏ కాలానిదో, ఏ ప్రశ్నకు సమాధానంగా పుట్టిందో, ఆ పేరు దానికి ఎలా వచ్చిందో ఆ పట్టిక చెప్పదు. 1832లో వోలర్, లీబిగ్‌ల చేదు బాదం నూనె పరిశోధన మొదలుకొని 1930ల నాటి భారజలజని ప్రయోగాల వరకు ఈ చర్యల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇవి మొదట గుర్తింపు సాధనాలుగా, తరవాత నిర్మాణ నిర్ణయ సాధనాలుగా, చివరకు చర్యావిధాన అధ్యయనానికి ఆధారాలుగా ఎదిగిన క్రమాన్ని వివరిస్తుంది. ఈ చరిత్రలో భారతీయ రసాయనశాస్త్రానికీ, ఆంధ్ర విశ్వవిద్యాలయానికీ ఉన్న స్థానాన్ని సూచిస్తుంది.

కీలకపదాలు: కార్బొనైల్ సమూహం, ఆల్డిహైడ్, కీటోన్, ఆల్డాల్ సంఘననం, చర్యావిధానం, లాప్‌వర్త్, బేకర్–వెంకటరామన్ పునర్విన్యాసం, శేషాద్రి.

1. ఉపోద్ఘాతం

కర్బన రసాయనశాస్త్రం బోధించే ఏ కళాశాలలోనైనా ఆల్డిహైడులు, కీటోనుల అధ్యాయం వచ్చేసరికి నల్లబల్ల పేర్లతో నిండిపోతుంది. టాలెన్స్, ఫెహ్లింగ్, కాన్నిజారో, పెర్కిన్, క్లైసెన్, క్లెమ్మెన్‌సెన్, వోల్ఫ్–కిష్నర్ అంటూ వరుసగా పేర్లు వస్తాయి. ఒక్కొక్క పేరుకు ఎదురుగా ఒక కారకాన్నీ, ఒక ఉత్పన్నాన్నీ రాసుకొని విద్యార్థి కంఠస్థం చేస్తాడు. పరీక్షకు ఇది చాలు. శాస్త్రం ఎలా ఎదిగిందో తెలుసుకోవడానికి మాత్రం ఇది చాలదు.

ఈ పట్టిక మూడు విషయాలను మరుగుపరుస్తుంది. మొదటిది కాలం. 1853 నాటి కాన్నిజారో చర్య, 1913 నాటి క్లెమ్మెన్‌సెన్ క్షయకరణం ఒకే పుటలో పక్కపక్కన ఉంటాయి. కాన్నిజారో తన ప్రయోగం చేసేనాటికి కార్బన్ చతుర్బంధకమన్న భావనే స్థిరపడలేదు. కెకూలే, కూపర్ దాన్ని ప్రతిపాదించింది 1858లో. అంటే, నేడు మనం తడుముకోకుండా గీసే కార్బన్–ఆక్సిజన్ ద్విబంధం ఆ చర్యను కనుగొన్నవానికి తెలియదు. రెండవది ప్రయోజనం. ఈ చర్యల్లో అనేకం కొత్త పదార్థాల తయారీ కోసం పుట్టినవి కావు. చేతిలో ఉన్న పదార్థం ఏమిటో తెలుసుకోవడానికి పుట్టినవి. మూడవది కర్తృత్వం. చర్యకు ఉన్న పేరు, దాన్ని మొదట చూసినవారి పేరు అన్నివేళలా ఒకటి కావు.

2. నామకరణ దశ: బాదం నూనె నుంచి ‘ఆల్డిహైడ్’ వరకు

ఫ్రీడ్రిష్ వోలర్, యూస్టస్ లీబిగ్ 1832లో చేదు బాదం నూనెపై ప్రచురించిన పరిశోధన ఈ చరిత్రకు సహజమైన ఆరంభం. ఆ నూనెలోని ప్రధాన పదార్థాన్నే నేడు బెంజాల్డిహైడ్ అంటున్నాం. దాన్ని ఆక్సీకరిస్తే బెంజోయిక్ ఆమ్లం వచ్చింది. క్లోరిన్‌తో చర్య జరిపితే బెంజాయిల్ క్లోరైడ్ వచ్చింది. దాని నుంచి మరికొన్ని సమ్మేళనాలు వచ్చాయి. ఈ మార్పులన్నింటిలోనూ కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో కూడిన ఒక సమూహం చెక్కుచెదరకుండా ఒక పదార్థం నుంచి మరొక పదార్థంలోకి వెళుతున్నదని వారు గుర్తించారు. దానికి ‘బెంజాయిల్’ అని పేరు పెట్టారు. కర్బన సమ్మేళనాల అయోమయంలో ఒక క్రమాన్ని చూపిన తొలి ఆవిష్కరణల్లో ఇది ఒకటి.

ఆ పరిశోధనలోనే బెంజాయిన్ అనే స్ఫటిక పదార్థం కూడా వారికి కనిపించింది. ముడి చేదు బాదం నూనెలో హైడ్రోసయనిక్ ఆమ్లం సహజంగానే కలిసి ఉంటుంది. అది అక్కడ ఉత్ప్రేరక పాత్ర వహించింది. నికొలాయ్ జీనిన్ 1839 ప్రాంతంలో ఈ మార్పుకు సయనైడ్ కారణమని చూపి, బెంజాయిన్ తయారీని నమ్మదగిన పద్ధతిగా మలిచాడు. కొద్దిపాటి సయనైడ్ అంత పని ఎలా చేయగలుగుతున్నది? ఈ ప్రశ్నకు సమాధానం రావడానికి అరవై ఏళ్ళకు పైగా పట్టింది.

1835లో లీబిగ్ ఆల్కహాల్ ఆక్సీకరణం వల్ల ఏర్పడే ద్రవాన్ని శుద్ధి చేసి, దాని సంఘటనాన్ని నిర్ణయించాడు. ‘హైడ్రోజన్ తొలగించిన ఆల్కహాల్’ అనే అర్థమిచ్చే లాటిన్ పదబంధం ‘ఆల్కహాల్ డీహైడ్రోజెనేటస్’ నుంచి కొన్ని అక్షరాలు తీసుకొని ‘ఆల్డిహైడ్’ అన్న మాటను కూర్చాడు. ఈ పేరు ఒక చర్యను తనలో దాచుకొంది. ‘కీటోన్’ అన్న మాట అలాంటిది కాదు. ఎసిటోన్‌కు జర్మన్ భాషలో ఉన్న ‘ఆకెటోన్’ అనే రూపం నుంచి 1848లో లియోపోల్డ్ గ్మెలిన్ దాన్ని రూపొందించాడు.

స్టానిస్లావ్ కాన్నిజారో 1848 నాటి సిసిలీ విప్లవంలో పాల్గొని, అది విఫలం కాగా పారిస్‌లో ప్రవాసం గడిపాడు. తిరిగి ఇటలీ చేరి అలెస్సాండ్రియాలో అధ్యాపకుడుగా ఉన్నప్పుడు, 1853లో బెంజాల్డిహైడ్‌ను పొటాష్‌తో చర్య జరిపాడు. ఒకే పదార్థం నుంచి బెంజైల్ ఆల్కహాల్, బెంజోయిక్ ఆమ్లాలు రెండూ వచ్చాయి. ఒక అణువు క్షయకరణం చెందుతుండగా మరొక అణువు ఆక్సీకరణం చెందింది. ఆల్డిహైడ్ అనేది ఆల్కహాల్‌కూ ఆమ్లానికీ నడుమ మెట్టు అని దీనికంటే స్పష్టంగా చెప్పే ప్రయోగం మరొకటి లేదు. ఆల్ఫా స్థానంలో హైడ్రోజన్ లేని ఆల్డిహైడులకే ఇది సాధారణంగా వర్తిస్తుందన్న పాఠ్యపుస్తక నియమం నిర్మాణ సిద్ధాంతం ఏర్పడిన తరవాతి మాట.

3. గుర్తింపు దశ: అద్దం, ఎర్రని అవక్షేపం, పసుపు స్ఫటికం

వర్ణపటమాపకాలు లేని కాలంలో రసాయనశాస్త్రజ్ఞుని వద్ద ఉన్న పరికరాలు కన్ను, ముక్కు, త్రాసు, ఉష్ణమాపకం. ఈనాడు పరారుణ వర్ణపటంలో 1700 సంఖ్య చుట్టుపక్కల కనిపించే బలమైన రేఖను చూసి కార్బొనైల్ సమూహాన్ని నిమిషాల్లో గుర్తిస్తున్నాం. ఆనాడు అదే పని పరీక్షనాళికలో జరగవలసి ఉండేది.

వెండి అద్దం పరీక్షకు టాలెన్స్ పేరు ఉంది. కాని ఆల్డిహైడ్ సమక్షంలో వెండి లవణం నుంచి లోహం గాజుపై పూతగా ఏర్పడడాన్ని 1835లోనే లీబిగ్ గమనించాడు. ఆ కాలపు అద్దాలు తగరం, పాదరసాల మిశ్రమంతో తయారయ్యేవి. ఆ పాదరసం పనివారి ఆరోగ్యాన్ని దెబ్బతీసేది. లీబిగ్ 1850లలో గాజుపై వెండి పూత పూసే పద్ధతిని అభివృద్ధి చేశాడు. బెర్నార్డ్ టాలెన్స్ 1882లో అమోనియా, క్షారం కలిపిన వెండి ద్రావణాన్ని ఆల్డిహైడులకు సున్నితమైన పరీక్షాకారకంగా ప్రతిపాదించాడు. ఒకరు దృగ్విషయాన్ని చూశారు. మరొకరు దాన్ని అందరి చేతికి అందే పరీక్షగా మార్చారు. పేరు రెండవవారికి దక్కింది.

స్టుట్‌గార్ట్‌లోని హెర్మన్ ఫెహ్లింగ్ 1840ల చివర తన రాగి ద్రావణాన్ని రూపొందించిన ఉద్దేశం చక్కెర పరిమాణాన్ని కొలవడం. మధుమేహ రోగుల మూత్రపరీక్షలో అది దీర్ఘకాలం ఉపయోగపడింది. 20వ శతాబ్ది తొలినాళ్ళలో బెనెడిక్ట్ దాన్ని మరింత నిలకడగల రూపానికి తెచ్చాడు. ఇక్కడ బోధనలో తరచు తలెత్తే చిక్కు ఒకటి ఉంది. ఫెహ్లింగ్ పరీక్ష ఆల్డిహైడులకని చెప్పి, కీటోన్ అయిన ఫ్రక్టోజ్ కూడా దానికి ఎర్రని అవక్షేపం ఇస్తుందంటే విద్యార్థి తికమకపడతాడు. ఫ్రక్టోజ్‌లో కీటోన్ పక్కనే హైడ్రాక్సిల్ సమూహం ఉంది. క్షార ద్రావణంలో అది ఈనడయోల్ రూపం ద్వారా గ్లూకోజ్, మానోజ్‌లుగా మారగలదు. లోబ్రీ ద బ్రూయిన్, వాన్ ఎకెన్‌స్టైన్ 1895లో చూపిన మార్పు ఇదే. ఫెహ్లింగ్ కొలవదలచినది చక్కెరను. ఆల్డిహైడ్ పరీక్షగా దాన్ని చూడడం తరవాతి వ్యాఖ్యానం. చరిత్ర తెలిస్తే వైరుధ్యం మిగలదు.

ఈ కాలంలోనే ఇటలీలో చెజారె బెర్తాన్యీని 1853లో ఆల్డిహైడులు సోడియం బైసల్ఫైట్‌తో స్ఫటిక సమ్మేళనాలనిస్తాయని చూపాడు. మిశ్రమం నుంచి ఆల్డిహైడ్‌ను వేరుచేసి, ఆమ్లంతోనో క్షారంతోనో తిరిగి రాబట్టడానికి ఇది దారి చూపింది. 1864లో హ్యూగో షిఫ్ ఆల్డిహైడులకూ ఎమీనులకూ మధ్య చర్యను వివరించాడు; ఆ ఉత్పన్నాలనే షిఫ్ క్షారాలంటున్నాం. 1870లో అడాల్ఫ్ లీబెన్ అయొడోఫారం చర్యను పరీక్షగా నిలబెట్టాడు. 1882లో విక్టర్ మాయర్ హైడ్రాక్సిలమీన్‌తో ఆక్సైములను తయారుచేశాడు. ద్రవాలుగా ఉండే ఆల్డిహైడులు, కీటోనులను ఘన ఉత్పన్నాలుగా మార్చి, వాటి ద్రవీభవన స్థానాల ద్వారా మూల పదార్థాన్ని గుర్తించే పద్ధతి ఈ క్రమంలో స్థిరపడింది. మన ప్రయోగశాలల్లో నేటికీ వాడే డైనైట్రోఫినైల్ హైడ్రజీన్‌ను 1926లో బ్రాడీ, ఎల్స్‌మీ ప్రవేశపెట్టారు.

4. ఆల్డాల్: ఒక చర్య, ఇద్దరు అన్వేషకులు

కార్బన్‌ను కార్బన్‌తో కలిపే చర్యల్లో ఆల్డాల్ సంఘననానికి ప్రథమస్థానం ఉంది. 1838లోనే డబ్లిన్‌కు చెందిన రాబర్ట్ కేన్ ఎసిటోన్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వేడిచేసి మెసిటిలీన్‌ను పొందాడు. అది ఈ కోవకు చెందిన మార్పేనని నేడు చెప్పగలం. నాడు చెప్పడానికి భాష లేదు.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని వైద్య–శస్త్రచికిత్స అకాడమీలో జీనిన్ శిష్యుడు అలెగ్జాండర్ బరోడిన్ 1860లలో వాలెరాల్డిహైడ్‌పై సోడియం చర్యను అధ్యయనం చేస్తున్నాడు. బాన్‌లో కెకూలే ఎసిటాల్డిహైడ్ సంఘననంపై పనిచేసి, 1869లో దాని నుంచి క్రోటోనాల్డిహైడ్ ఏర్పడుతుందని చూపాడు. ఇద్దరి పరిశోధనలు ఒకే క్షేత్రంలో తారసపడడంతో ప్రాథమ్యం గురించి వివాదం రేగింది. ఇంతలో పారిస్‌లో షార్ల్ అడోల్ఫ్ వుర్ట్స్ 1872లో ఎసిటాల్డిహైడ్ నుంచి, నీరు కోల్పోవడానికి ముందుదశలోని పదార్థాన్ని వేరుచేశాడు. అది ఆల్డిహైడ్, ఆల్కహాల్ రెండూ అయినందున ‘ఆల్డాల్’ అన్నాడు. అదే ఏడాది బరోడిన్ కూడా ఆ పదార్థాన్నే పొందినట్లు రష్యన్ రసాయన సంఘానికి తెలియజేశాడు.

బరోడిన్ ఆ తరవాత ఈ రంగాన్ని విడిచిపెట్టాడు. అధ్యాపకత్వం, మహిళలకు వైద్యవిద్య అందించే కృషి, సంగీతం ఆయన సమయాన్ని పంచుకొన్నాయి. ప్రపంచం ఆయనను ‘ప్రిన్స్ ఇగోర్’ అనే సంగీతరూపక కర్తగా గుర్తుంచుకొంది. పాఠ్యపుస్తకంలోని ఆల్డాల్ అధ్యాయంలో ఆయన పేరు అరుదుగా కనిపిస్తుంది. అయితే ఆ చర్యకు వుర్ట్స్ పేరు కూడా లేదు; ఉత్పన్నం పేరే చర్య పేరయింది. నామకరణానికి స్థిరమైన న్యాయసూత్రమేదీ లేదనడానికి ఇది మంచి ఉదాహరణ.

ఈ మార్గంలోనే పెర్కిన్ 1868లో సాలిసిలాల్డిహైడ్ నుంచి కౌమరిన్‌ను సంశ్లేషించాడు. 1880–81లో ష్మిట్, క్లైసెన్ సుగంధ ఆల్డిహైడులను కీటోనులతో క్షార సమక్షంలో కలిపే పద్ధతిని రూపొందించారు. బెంజాల్డిహైడ్, ఎసిటోఫినోన్‌ల నుంచి ఈ విధంగా ఏర్పడే చాల్కోన్‌కు ఈ వ్యాసం చివర మళ్ళీ రావలసి ఉంది.

5. నిర్మాణ నిర్ణయ దశ: చక్కెరల చిక్కుముడి

కార్బొనైల్ చర్యల శక్తి పూర్తిగా వెల్లడైన రంగం చక్కెరల రసాయనం. చక్కెరలు సులభంగా స్ఫటికీకరించవు, పాకంగా మిగిలిపోతాయి. ఎమిల్ ఫిషర్ 1875లో కనుగొన్న ఫినైల్ హైడ్రజీన్ ఈ ఇబ్బందిని తొలగించింది. 1884లో ఆయన దాన్ని చక్కెరలపై ప్రయోగించి, ఓసజోనులు అనే పసుపుపచ్చని స్ఫటికాలను పొందాడు.

గ్లూకోజ్, మానోజ్, ఫ్రక్టోజ్ మూడూ ఒకే ఓసజోన్‌ను ఇచ్చాయి. ఓసజోన్ ఏర్పడేటప్పుడు మొదటి రెండు కార్బన్లే చర్యలో పాల్గొంటాయి. కనుక ఈ మూడు చక్కెరల్లో తక్కిన కార్బన్ల ప్రాదేశిక అమరిక ఒకటే అయి ఉండాలి. హైన్‌రిష్ కిలియాని 1885–86లో హైడ్రోసయనిక్ ఆమ్ల సంకలనాన్ని ఉపయోగించి గ్లూకోజ్ ఆల్డిహైడ్ అనీ, ఫ్రక్టోజ్‌లో కీటోన్ రెండవ కార్బన్‌పై ఉందనీ నిర్ధారించాడు. ఆ పద్ధతితోనే గొలుసును ఒక్కొక్క కార్బన్ చొప్పున పెంచుతూ, వాంట్ హాఫ్ 1874లో ఇచ్చిన చతుర్ముఖ కార్బన్ భావనను ఆధారం చేసుకొని, ఫిషర్ 1891లో గ్లూకోజ్ విన్యాసాన్ని నిర్ణయించాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఈ విజయానికి ఆయన మూల్యం చెల్లించాడు. ఫినైల్ హైడ్రజీన్ విషప్రభావం ఆయన ఆరోగ్యాన్ని దీర్ఘకాలం పీడించింది.

రెండు సాధారణ కార్బొనైల్ చర్యలు, వాటి వెనుక తర్కం. అణువును చూడకుండానే దాని ఆకృతిని చెప్పగలిగిన ఈ ఘట్టాన్ని ‘ఓసజోన్ పరీక్ష’ అన్న రెండు మాటల్లో ముగించడం విద్యార్థికి చేసే అన్యాయం.

6. చర్యావిధాన దశ: లాప్‌వర్త్ ప్రశ్న

19వ శతాబ్ది ముగిసేసరికి చర్యలు పోగుపడ్డాయి. 1899లో బేయర్, విల్లిగర్ కీటోనులను పెరాక్సీ ఆమ్లంతో ఎస్టరులుగా మార్చారు. 1900లో గ్రిన్యార్ తన మెగ్నీషియం కారకాన్ని ప్రకటించాడు. అయితే ఏమి జరుగుతుందో తెలిసినంతగా ఎలా జరుగుతుందో తెలియదు.

ఆర్థర్ లాప్‌వర్త్ 1903లో హైడ్రోసయనిక్ ఆమ్లం కీటోనులతో కలిసే తీరును పరిశీలించాడు. క్యాంఫర్‌క్వినోన్ పసుపురంగు పదార్థం. సయనోహైడ్రిన్‌గా మారితే ఆ రంగు పోతుంది. కనుక చర్యవేగాన్ని కంటితోనే అంచనా వేయవచ్చు. ఆమ్లం కలిపితే చర్య మందగించింది. కొద్దిపాటి క్షారం కలిపితే వేగవంతమైంది. చర్యను నడిపించేది ఆమ్లపు అణువే అయితే ఇలా జరగకూడదు. క్షారం వల్ల పెరిగేది సయనైడ్ అయాన్. అందువల్ల మొదట కార్బొనైల్ కార్బన్‌పై దాడి చేసేది ఆ అయానేనని లాప్‌వర్త్ తీర్మానించాడు. జీనిన్ కాలం నుంచి మిగిలిన బెంజాయిన్ సమస్యకు కూడా ఆయన ఈ తర్కంతోనే సమాధానమిచ్చాడు: సయనైడ్ ముందు ఆల్డిహైడ్‌తో కలిసి, దాని స్వభావాన్ని మార్చి, మరొక అణువుపై దాడికి సిద్ధం చేసి, చివర తాను తప్పుకొంటుంది.

1904లో ఆయన ఎసిటోన్ బ్రోమినీకరణాన్ని అధ్యయనం చేసి, చర్యవేగం బ్రోమిన్ గాఢతపై ఆధారపడదని చూపాడు. అంటే నెమ్మదైన అంచెలో బ్రోమిన్‌కు పాత్ర లేదు. ఎసిటోన్ ఈనాల్‌గా మారడమే ఆ అంచె. ఆల్డాల్, అయొడోఫారం, హాలోజనీకరణం అనే వేర్వేరు పేర్ల వెనుక ఒకే ఆల్ఫా హైడ్రోజన్ ఉన్నదన్న అవగాహనకు ఇది పునాది. కార్బొనైల్ కార్బన్‌పై సంకలనం, ఆల్ఫా కార్బన్‌పై చర్య అనే రెండు శీర్షికల కింద ఈనాడు మనం అధ్యాయాన్ని విభజించడం వెనుక ఈ రెండు పరిశోధనలున్నాయి.

కాన్నిజారో చర్యకూ ఇలాంటి పరీక్ష ఎదురైంది. ఆల్కహాల్‌లో చేరే హైడ్రోజన్ నీటి నుంచి వస్తుందా, మరొక ఆల్డిహైడ్ అణువు నుంచి వస్తుందా? 1938లో ఫ్రెడెన్‌హాగెన్, బోన్‌హోఫర్ ఈ చర్యను భారజలంలో జరిపారు. కార్బన్‌తో బంధమేర్పరచుకొన్న కొత్త హైడ్రోజన్ భారజలం నుంచి రాలేదు. ఒక ఆల్డిహైడ్ నుంచి మరొక ఆల్డిహైడ్‌కు అది నేరుగా బదిలీ అయింది. 1853 నాటి పరిశీలనకు 85 ఏళ్ళ తరవాత వివరణ దొరికింది.

7. భారతదేశం, ఆంధ్ర విశ్వవిద్యాలయం

లాప్‌వర్త్ పనిచేసిన మాంచెస్టర్ రసాయనశాస్త్ర విభాగంలోనే 1920లలో రాబర్ట్ రాబిన్సన్ వద్ద ఇద్దరు దక్షిణ భారతీయులు పరిశోధన చేశారు: కె. వెంకటరామన్, టి. ఆర్. శేషాద్రి. పూలకు రంగునిచ్చే ఫ్లేవనాయిడ్ పదార్థాలు వారిద్దరికీ ఆసక్తి క్షేత్రమయ్యాయి.

ఆర్థో స్థానంలో ఎసైలాక్సీ సమూహం ఉన్న ఎసిటోఫినోన్‌ను క్షారంతో చర్య జరిపితే, ఎసైల్ సమూహం ఆక్సిజన్‌ను విడిచి ఆల్ఫా కార్బన్‌కు చేరి 1,3–డైకీటోన్ ఏర్పడుతుంది. దాన్ని ఆమ్లంతో వలయీకరిస్తే ఫ్లేవోన్ వస్తుంది. 1933లో ఇంగ్లండులో విల్సన్ బేకర్, 1934లో భారతదేశం నుంచి మహల్, వెంకటరామన్‌లు దీన్ని ప్రచురించారు. చర్యకు బేకర్–వెంకటరామన్ పునర్విన్యాసం అని పేరు స్థిరపడింది. కర్బన రసాయనంలో భారతీయుని పేరు మోస్తున్న అరుదైన చర్యల్లో ఇది ఒకటి. అందుకు గర్విస్తూనే, సహరచయిత మహల్ పేరు ఆ గుర్తింపులో జారిపోయిందని కూడా గమనించాలి. లీబిగ్, టాలెన్స్‌ల విషయంలోనూ, బరోడిన్ విషయంలోనూ కనిపించిన పోకడే ఇక్కడా కనిపిస్తుంది.

శేషాద్రి 1930ల మధ్య నుంచి 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళేవరకు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉన్నారు. పత్తి, గోగు జాతుల పూలలోని రంగు పదార్థాల నిర్మాణాలను ఆయన బృందం పరిశీలించింది. మనకు చిరపరిచితమైన కానుగ గింజల నూనె నుంచి 1940ల తొలినాళ్ళలో రంగస్వామి, శేషాద్రి ‘పొంగమాల్’ అనే పదార్థాన్ని వేరుచేశారు. తరవాతి కాలంలో నిర్ధారణ అయిన దాని నిర్మాణం 1,3–డైకీటోన్. బేకర్–వెంకటరామన్ చర్యలో గాజుపాత్రలో ఏర్పడే అణువుల వర్గమే కానుగ గింజలో సహజంగా ఉన్నది. ఫ్లేవనాయిడ్ల జీవసంశ్లేషణలోనూ తొలి అంచెల్లో చాల్కోన్ ఉంటుంది. క్లైసెన్, ష్మిట్ చేసిన సంఘననపు ఉత్పన్నాన్ని మొక్క తనదైన ఎంజైమ్ మార్గంలో తయారుచేసుకొంటున్నది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని అంశాలు తేలుతున్నాయి.

ఆల్డిహైడ్, కీటోన్ చర్యల చరిత్ర మూడు ప్రశ్నల చరిత్ర: ఈ పదార్థమేమిటి, దాని నిర్మాణమేమిటి, ఈ మార్పు ఎలా జరుగుతున్నది. టాలెన్స్, లీబెన్, షిఫ్‌లను మొదటి ప్రశ్న కింద, కిలియాని, ఫిషర్‌లను రెండవ ప్రశ్న కింద, లాప్‌వర్త్, బోన్‌హోఫర్‌లను మూడవ ప్రశ్న కింద చేర్చి బోధిస్తే, పట్టికగా ఉన్న అధ్యాయం ఒక వాదనగా మారుతుంది.

పరికరాలు మారినందువల్ల పాత పరీక్షలు నిత్యవాడుక నుంచి తప్పుకొన్నాయి. వాటి వెనుక ఉన్న తర్కానికి మాత్రం కాలదోషం పట్టలేదు. రంగు పోయే వేగం నుంచి దాడి చేసే అయానును ఊహించిన లాప్‌వర్త్ పద్ధతి నేటి పరిశోధక విద్యార్థికి కూడా ఆదర్శమే.

చర్యల పేర్లు గౌరవచిహ్నాలే కాని సంపూర్ణ చరిత్ర పత్రాలు కావు. వాటిని అలాగే వాడుతూ, మొదట చూసినవారి పేరునూ, పేరు దక్కని సహకర్త పేరునూ ఒక వాక్యంలోనైనా చెప్పడం అధ్యాపకుని బాధ్యత.

చివరిగా, ఈ చరిత్ర ముగిసిపోలేదు. బెంజాయిన్‌లో సయనైడ్ చేసే పనినే జీవకణంలో థయమిన్ చేస్తుందని 1958లో బ్రెస్లో చూపాడు. ప్రొలీన్ అనే చిన్న అమైనో ఆమ్లం ఆల్డాల్ చర్యను ఒకే దర్పణ రూపం వైపు నడిపిస్తుందని 2000లో బెంజమిన్ లిస్ట్ బృందం ప్రకటించింది. అసౌష్ఠవ కర్బన ఉత్ప్రేరణకు 2021 నోబెల్ బహుమతి లిస్ట్, మాక్‌మిలన్‌లకు లభించింది. బరోడిన్, వుర్ట్స్ 1872లో చేతికి తీసుకొన్న పదార్థంపై ప్రశ్నలు 150 ఏళ్ళుగా పుడుతూనే ఉన్నాయి. డిగ్రీ తరగతిలో ఆ చర్యను బోర్డుపై రాసే అధ్యాపకుడు విద్యార్థికి అందించవలసినది సమీకరణంతోపాటు ఆ ప్రశ్నను కూడా.